జల్లెడలో గుడ్డముక్క

పిండిమర ఆగితే తప్ప ఆ మేడమీది గదిలో ఒకరి మాట ఒకరికి వినిపించదు. కింద మర తిరుగుతున్నంతసేపూ పైన నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. కిటికీ ఊచల మీద, గోడగడియారం మీద, కొత్తగా వచ్చినవాళ్ల జుట్టు మీద పిండి పొరలా పేరుకుంటుంది. పాతవాళ్లు తలకి గుడ్డ కట్టుకునే వస్తారు. ఆదివారం మధ్యాహ్నం మర యజమాని భోంచేసి కునుకు తీసే వేళ మాత్రం ఆ గది మహిళా సంఘానిది. "పోట్లాడుకోండి, ఏడవండి, నాకేం ఫర్వాలేదు. నా నిద్ర మాత్రం పాడుచెయ్యకండి" అని ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

గదిలో కూర్చోవడానికేమీ ఉండదు. ఎవరికి కావలసింది వాళ్లు ఇంటి నుంచి మోసుకురావాలి. ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతుంది. బేకరీ నడిపే ఆవిడ ఖాళీ రంగుడబ్బా బోర్లించుకుని కూర్చుంటుంది. బస్సు కండక్టరమ్మ మడతస్టూలు చంకన పెట్టుకొస్తుంది. ఇంకొకామె తన కొడుకు చిన్నప్పటి కుర్చీ తెచ్చుకుని, అందులో పట్టీ పట్టకా, సమావేశమంతా "నేనింకా తగ్గాలే" అనుకుంటూ గడుపుతుంది.

అందరూ 'కోడలు' అని పిలిచే ఆమె ఆ సంఘంలో చేరి ఏడాది కావస్తోంది. ఆమె అత్తగారు అక్కడ పాతమనిషి. చేర్చిన రోజున "ఇది మా కోడలు" అని ఆవిడ ఒక్కసారి చెప్పింది. అంతే. ఆమెకన్నా పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ అందరూ "కోడలా, ఇలా రా" అనడమే. "ఇంట్లో ఒక్క అత్తగారు చాలదనా ఇంతమందిని సంపాదించుకున్నావు?" అని ఆమె భర్త నవ్వేవాడు. అతను నీటిపంపులు బాగుచేస్తాడు. ఇంట్లో తల్లికీ భార్యకీ మధ్య ఏదైనా చెడితే మాత్రం పనిముట్ల సంచీ వెతుక్కుంటూ మాయమైపోతాడు.

కోడలికి పెద్దబజారులోని బట్టల దుకాణంలో పని. ఆ పనంటే ఆమెకి ప్రాణం. వచ్చినవాళ్లు గుడ్డని వేళ్ల మధ్య నలిపే తీరు చూసి, వాళ్లు కొంటారో, బేరమాడి పోతారో చెప్పేస్తుంది. గుడ్డల తాను ఒకటి భుజానికెత్తి బల్ల మీద ఒక్క విసురు విసిరితే గుడ్డ నీళ్లలా పరుచుకుంటుంది. అలా పరవడం ఆ బజారులో ఇంకెవరికీ రాదు. అయితే ఆ దుకాణంలో పనిచేసే ఆడవాళ్లు తలుపు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా కూర్చోకూడదు. కొనేవాళ్లకి మెత్తటి బల్ల ఉంది. యజమానికి గల్లాపెట్టె దగ్గర కుర్చీ ఉంది. వీళ్లకి నేల కూడా లేదు. "కూర్చున్న మనిషిని చూస్తే కొనేవాడికి బద్ధకం వస్తుంది" అంటాడు యజమాని.

ఆ ఏడు డాక్టరు ఆమె పిక్కలు నొక్కి చూసి, "నరాలు ఉబ్బాయి. మధ్యమధ్య కూర్చోగలిగితే ఈ పని చేసుకో. లేకపోతే మానెయ్" అని తేల్చి చెప్పాడు. ఆ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. చెబితే మానెయ్యమంటారు. రోజూ కాలికి చుట్టుకునే సాగుడు కట్టుని రాత్రి ఉతికి, ఎవరి కంటా పడకుండా దిండు గలీబులో దూర్చి ఆరబెట్టుకునేది. ఇక ఆమెకి ఉన్న ఆశల్లా ఒక్కటే: సంఘం ఈ ఏడు తన మాట ఎత్తుకోవాలి.

సంఘం ఏడాదికి ఒక్క మాటే ఎత్తుకుంటుంది. ఒకప్పుడు అలా ఉండేది కాదట. ఎవరేం చెబితే దానికి పరుగెత్తి, అన్నీ మొదలుపెట్టి ఏదీ తేల్చలేక, చివరికి వాళ్లలో వాళ్లే మూతులు ముడుచుకుని కూర్చునేవారట. అప్పుడు సూదులక్క ఈ జల్లెడ పద్ధతి పెట్టింది. సూదులక్క అంటే ఒకప్పుడు వీధివీధీ తిరిగి పిల్లలకి టీకాలు వేసిన నర్సు. ఇప్పటికీ ఆవిడ గట్టిగా చూస్తే పెద్దవాళ్లు కూడా జబ్బ తడుముకుంటారు.

"ఎవరి బాధ వాళ్లే చెప్పుకుంటే, గట్టిగా ఏడ్చినవాళ్లదే గెలుస్తుంది," అంటుంది ఆవిడ. "ఇంకొకరిది మోసి చూడండి. మీకు బరువనిపిస్తే అప్పుడు మాకు చెప్పగలరు."

ఆ ఆదివారం జల్లెడ తిప్పారు. కింద మర నుంచి అడిగి తెచ్చిన పెద్ద జల్లెడ. మాట ఉన్నవాళ్లు తమ ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చి అందులో వేసి, ఒకే ఒక్క వాక్యం చెప్పాలి.

బేకరీ ఆవిడ అగ్గిపెట్టె వేసింది. "మా వీధిలో దీపాలు వెలగవు."

అత్తగారు తాళంచెవి వేసింది. "పార్కు గేటుకి మధ్యాహ్నం పూట తాళం వేసేస్తున్నారు."

కండక్టరమ్మ మెడలో ఈల తీసి వేసింది. "ఆసుపత్రిలో మన రోగాలు మైకులో పిలుస్తున్నారు."

కోడలు నీలం గుడ్డముక్క వేసింది. "దుకాణాల్లో పనిచేసేవాళ్లని కూర్చోనివ్వరు."

"కూర్చోడానికా జీతమిచ్చేది?" అని ఎవరో కిసుక్కుమన్నారు. అత్తగారు పెదవి విరిచింది. సూదులక్క అటొకసారి చూసేసరికి నవ్వు ఆగిపోయింది.

జల్లెడ మీద తువ్వాలు కప్పి చుట్టూ తిప్పారు. జల్లెడ ఎవరి ముందు ఆగితే వాళ్లు తువ్వాలు కింద చెయ్యి పెట్టి ఒక్కటి తియ్యాలి. తనదే తనకి వస్తే తిరిగి వెయ్యాలి. కోడలి చేతికి చల్లగా ఈల తగిలింది. తల ఎత్తి చూస్తే అత్తగారి వేళ్ల మధ్య నీలం గుడ్డముక్క.

గది గొల్లుమంది.

"ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టించేలా ఉంది ఈ జల్లెడ!" అంది బేకరీ ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

కోడలు సూదులక్క వైపు తిరిగింది. "అక్కా, ఇది మార్చకూడదా?" అంది మెల్లగా.

"మార్చేదానికి జల్లెడెందుకు?" అంది సూదులక్క. "నెల రోజులు గుర్తుంచుకోండి. మోసేవాళ్లు ఒక పూర్తి రోజు ఆ మాటతో గడపాలి. సొంతదారుతో దాని గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. నువ్వు చెప్పి ఒప్పించడం కాదు కోడలా, ఆవిడ వెతుక్కోవాలి."

*

ఇంటిదారిలో అత్తగారు తన ముక్కాలిపీట పట్టుకుని ముందు నడిచింది. కోడలు వెనక నడిచింది. మామూలుగా వాళ్లిద్దరికీ దారి పొడుగునా ఏదో ఒక రగడ ఉండేది. ఆ రోజు అదీ లేదు.

ఇక ఆశ లేదనుకుంది కోడలు. "కాళ్లున్నది నిలబడ్డానికి కాకపోతే ఇంకెందుకు?" అన్నది అత్తగారు రోజుకోసారైనా అనే మాట. అంతకంటే పాత తగువు ఇంకొకటుంది. సాయంత్రం దుకాణం నుంచి వచ్చాక కోడలు వంటగట్టు మీద కంచం పెట్టుకుని నిలబడే తింటుంది. "కూర్చుని తినొచ్చుగా! నా పక్కన కూర్చోడం నామోషీయా?" అని అత్తగారు అంటే, "అలవాటైపోయింది అత్తయ్యా" అని ఊరుకునేది. ఊరుకున్నకొద్దీ ఆవిడకి ఒళ్లు మండేది.

దుకాణానికి ఒక రోజు సెలవు పెట్టి కోడలు ఈల కొంగున కట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. ఎవరి మాటైతేనేం, ఒప్పుకున్నాక మోయాలి కదా. పరీక్షల విభాగం ముందు పొడుగాటి హాలు. సిమెంటు బల్లల నిండా జనం. ఆడవాళ్లు, వాళ్ల మొగుళ్లు, ఎవరితోనో వచ్చి ఊసుపోక కూర్చున్నవాళ్లు. ఆమె గోడవారగా కూర్చుని, కాళ్లు చాపుకుని, 'ఎంత హాయిగా ఉంది!' అనుకుంది. వెంటనే తనకే సిగ్గేసింది.

కిటికీ వెనక గుమాస్తా మైకు తట్టాడు. "గర్భసంచీ పుండు, రెండోసారి పరీక్ష! ఎవరమ్మా?"

హాలంతా తల తిప్పి వెతికింది. ఒకావిడ తల దించుకుని గబగబా వెళ్లి కాగితం లాక్కుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. గుమాస్తా చెడ్డవాడు కాదు. ఇంకా గట్టిగా, ఇంకా వివరంగా పిలిస్తే అందరికీ మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు. "తెల్లబట్ట! తెల్లబట్ట పరీక్ష ఎవరిది? రొమ్ములో గడ్డ! గడ్డ పరీక్ష ఎవరిదమ్మా? చెవుల్లో దూది పెట్టుకున్నారా?"

ఆఖరి పిలుపుకి ఎవరూ లేవలేదు. అతను మళ్లీ పిలిచాడు. మళ్లీ పిలిచాడు. కోడలి పక్కన ఎర్రశాలువా కప్పుకున్న ఆమె కూడా అందరిలాగే చుట్టూ చూసి, "ఎవరో పాపం, వినిపించలేదేమో" అంది. గుమాస్తా విసుక్కుని ఆ కాగితం పక్కనున్న ట్రేలో పడేశాడు. ఆ ట్రేలో అప్పటికే చాలా కాగితాలున్నాయి.

హాలు ఖాళీ అవుతున్నకొద్దీ ఎర్రశాలువా ఆమె కదలకుండా అక్కడే కూర్చుంది. ఎవరూ లేరనుకున్నాక లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. అప్పటికే కిటికీ మూసేశారు. ఆమె ఆ మూసిన చెక్క మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది.

"రేపు మళ్లీ రావాలి" అంది, కోడలితో కాదు, ఆ చెక్కతోనే అన్నట్టు. "రేపూ ఇలాగే పిలుస్తారు."

కోడలు కొంగు ముడిలోని ఈల తడిమి చూసుకుంది. కండక్టరమ్మ ఒక్క వాక్యంలో చెప్పింది ఇదన్నమాట. తను మాత్రం ఆ వాక్యం చెవిన పడుతుంటే తన గుడ్డముక్క గురించే ఆలోచిస్తూ కూర్చుంది.

ఆ తర్వాత కొన్ని రోజులకి ఇంట్లో ఒక వింత జరిగింది. కోడలు దుకాణం నుంచి వచ్చేసరికి అత్తగారు బకెట్టులో వేడినీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. వంట కాలేదు. భర్త ఉత్త రొట్టె నములుతున్నాడు.

"పొద్దున అమ్మని ఏమన్నా అన్నావా?" అని గుసగుసగా అడిగాడు. "మధ్యాహ్నం తిండికి వస్తే కూర్చోమన్నాను. ఆ మాటకే కస్సుమంది."

"నేనేమంటాను? పలకరించడమే తక్కువైంది మా ఇద్దరికీ."

"ఏమైంది అత్తయ్యా?" అని ఆమె వెళ్లి అడిగితే, అత్తగారు ఎగాదిగా చూసింది. ఆ చూపు ఎప్పటిలా ముఖం మీద ఆగలేదు, కాళ్ల దాకా పోయింది. "ఏం కాలేదు. నీ పని నువ్వు చూసుకో" అని మొహం తిప్పుకుంది. తన మీద కోపం ఇంకా ముదిరిందనుకుంది కోడలు. ఆ రాత్రీ గట్టు మీద కంచం పెట్టుకుని నిలబడే తింది. ఎప్పుడూ వచ్చే సణుగుడు మాత్రం రాలేదు.

*

తేల్చే ఆదివారం వచ్చింది. మర ఆగింది. నేల వణుకు ఆగగానే గదిలోని ఆడవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలినట్టనిపించింది. మాటలు మోసినవాళ్లు గదికి నాలుగు మూలలా కూర్చున్నారు. మిగతావాళ్లు మధ్యలో.

బేకరీ ఆవిడ పార్కు తాళం గురించి చెప్పింది. బాగానే చెప్పింది. ప్లాస్టిక్ కుర్చీ ఆవిడకి వీధిదీపాలు వచ్చాయి. ఆవిడ చీకట్లో కాలవలో పడి, చెయ్యి కట్టుతో వచ్చింది. "ఇంతకంటే ఎలా మొయ్యాలో చెప్పండి" అంటే అందరూ నవ్వారు.

తర్వాత అత్తగారు లేచింది.

"నాకు మాట్లాడటం చేతకాదు. పోట్లాడటమైతే వచ్చు," అంది. "ఈ గుడ్డముక్క చేతికి రాగానే నాకు ఒళ్లు మండింది. ఇది నా మీద కక్షతో వేసిందే అనుకున్నా. సరే, ఒప్పుకున్నా కదా అని ఆ దుకాణం దాకా వెళ్లాను. గుమ్మంలోంచే చూశా. లోపలికి పోతే నన్ను మెత్తటి బల్ల మీద కూర్చోబెడతారు. కూర్చుంటే నాకేం తెలుస్తుంది? వెనక్కొచ్చేశా. మర్నాడు మా కోడలు గడప దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ఇంట్లోనే నిలబడదామనుకున్నా."

కోడలు తల ఎత్తింది.

"పొద్దున బాగానే ఉంది. ఇదో ఘనకార్యమా అనుకున్నా. గిన్నెలు తోమా, బట్టలు ఉతికా, ఇల్లు తుడిచా. పనుంటే తెలీదు. పనైపోయాక తెలిసింది. ఊరికే నిలబడటం ఉంది చూశారూ, అబ్బో! గోడ రమ్మంటుంది, మంచం రమ్మంటుంది, ఆఖరికి చెత్తబుట్ట బోర్లించి ఉంటే అదీ రమ్మంటుంది. మా అబ్బాయి మధ్యాహ్నం వచ్చి కూర్చోమ్మా అన్నాడు. వాడి పీక పిసికెయ్యాలనిపించింది."

గది పకపకా నవ్వింది. అత్తగారు నవ్వలేదు.

"ఆ మధ్యాహ్నం కంచం గట్టు మీద పెట్టుకుని నిలబడే తిన్నా. కూర్చుంటే మళ్లీ లేవలేనని తెలుసు కాబట్టి. ఒక్కసారి మోకాలు వంచితే ఇక ఆ రోజుకి అయిపోయినట్టే. రెండు ముద్దలు తిన్నాక నా చెయ్యి ఆగిపోయింది. ఎందుకంటే..." ఆవిడ గుడ్డముక్కని వేలికి చుట్టుకుంది, విప్పింది. "మా కోడలు రోజూ అలాగే తింటుంది. పెళ్లై వచ్చిన మరుసటేడు పనిలో చేరింది. అప్పట్నుంచీ అంతే. నా పక్కన కూర్చోడం చిన్నతనం అనుకుంటోందని, తలపొగరని నేను చెప్పుకోని చుట్టం లేదు, చెప్పుకోని ఇల్లు లేదు. మీకూ చెప్పా. ఔనా?"

చాలామంది నేల చూపులు చూశారు.

"పొగరు కాదది. తిన్నాక ఇంకా గిన్నెలు కడగాలి, పొద్దుటికి అన్నీ సర్దాలి. కూర్చుంటే లేవలేనని భయం. ఆ భయం నా వంటింట్లో, నా కళ్లెదుట, రోజూ నిలబడి అన్నం తింది. నేను చూళ్లేదు."

కోడలికి గదిలో మనుషులు మసకబారారు. దుకాణంలో ఎంతోమంది ఎదుట నిలబడింది, ఎవరూ చూడలేదు. చూస్తుందని కలలో కూడా అనుకోని మనిషి చూసింది. అది కూడా తను చెబితే కాదు, బతిమాలితే కాదు. ఒక జల్లెడ తిప్పితే.

"మరి సాయంత్రం దాకా నిలబడ్డావా పిన్నీ?" అని ఎవరో అడిగారు.

"లేదమ్మా. మీకు చెప్పాల్సింది అదే. పొద్దు వాలకముందే ఈ పీట మీద కూలబడ్డా. నన్నెవరూ ఏమీ అనలేదు. నా ఇల్లు, నా పీట, ఎవరంటారు? వాళ్లకి ఆ పీట లేదు. ఉన్న తేడా అంతే. ఇంతకంటే నాకు తెలీదు." కూర్చోబోతూ ఆగింది. "ఇంకొకటి. దిండు గలీబులో కట్టు ఆరదు, కంపు కొడుతుంది. దండెం మీద వేసుకోమని ఈ గుడ్డముక్క సొంతదారుకి ఎవరైనా చెప్పండి. నేను మాట్లాడకూడదుగా. రూలు!"

నవ్వీ ఏడుపూ కలిసిన చప్పుడొకటి గదిలో లేచింది. సూదులక్క కూడా కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం అయ్యాక, "కోడలా" అంది. "నీ వంతు."

కోడలు లేచింది. గది మొత్తం అప్పటికే తన మాట వైపు ఒరిగి ఉంది. ఆ సంగతి ఆమెకి బల్ల మీద పరిచిన గుడ్డంత తేటగా కనిపిస్తోంది. ఇప్పుడు తను పొడిపొడిగా నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటే చాలు. ఎవరూ తప్పుపట్టరు. తను గెలుస్తుంది. తన కాళ్లు గెలుస్తాయి.

ఎదుట కండక్టరమ్మ మడతస్టూలు మీద కూర్చుని, ఖాళీ మెడ తడుముకుంటోంది. ఈల లేని మెడ. రోజంతా కిక్కిరిసిన బస్సుని ఒక్క కేకతో ఆపే మనిషి, తన మాట గురించి ఒక్క ముక్క పలకడానికి లేక గుటకలు మింగుతోంది.

తన అత్తగారు తన మాటని అలా మోసింది. మరి ఈవిడ మాటని తనెలా మొయ్యాలి?

"మా దుకాణంలో మమ్మల్ని కూర్చోనివ్వరు," అని మొదలుపెట్టింది. "ఆ ఆసుపత్రిలో కూర్చోనిస్తారు. నాకు మొదట అదే గొప్పగా అనిపించింది. తర్వాత చూశాను, అక్కడ ఎవరూ లేవలేకపోతున్నారు."

మైకు గురించి చెప్పింది. గుమాస్తా పిలిచినట్టే పిలిచి వినిపించింది. "రొమ్ములో గడ్డ! ఎవరిదమ్మా?" అని ఆమె గొంతెత్తేసరికి గదిలో ఆడవాళ్లందరూ తమకు తెలియకుండానే చుట్టూ చూశారు. చూసి, చూసినందుకు ఉలిక్కిపడ్డారు. ఎర్రశాలువా ఆమె గురించి చెప్పింది. "ఎవరో పాపం అంది, తన గురించే. మూసిన కిటికీ మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఆ ట్రేలో అలాంటి కాగితాలు చాలా ఉన్నాయి. ఒక్కో కాగితం ఒక మనిషి. పిలిచారు, వాళ్లకి వినిపించింది, లేవలేదు. కాళ్లు లేక కాదు." ఈలని పిడికిట్లో బిగించింది. "నా కాళ్ల సంగతి నేనెలాగో చూసుకుంటాను. ఆమెకి టైము ఉందో లేదో నాకు తెలీదు."

ఆమె కూర్చుంది.

"ఇక లేవండి," అంది సూదులక్క.

ఆ సంఘంలో చేతులెత్తడం ఉండదు. చెయ్యి ఎత్తడం, దించడం తేలికంటుంది సూదులక్క. ఎవరి కుర్చీ వాళ్లు ఎత్తుకుని, ఏ మాట కోసం ఏడాదంతా తిరగడానికి సిద్ధమో ఆ మూలకి పోయి కూర్చోవాలి. కుర్చీలు ఇంటి నుంచి తెచ్చుకోమనేది అందుకే. మోసినవాళ్లు మాత్రం కదలరు. మాట సొంతదారు తన మాట దగ్గరికి పోకూడదు.

కుర్చీలు లేచాయి. స్టూళ్లు లేచాయి. చిన్నపిల్లల కుర్చీ దాని యజమానురాలితో పాటు, ఆవిడ నడుముకి ఇరుక్కునే లేచింది. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు కుర్చీలు గుండెకి హత్తుకుని గది మధ్యలో తికమకగా తిరిగారు. అటు అత్తగారిని చూశారు, ఇటు కోడలిని చూశారు. ఒకామె అత్తగారి ముందు స్టూలు దించి, మళ్లీ ఎత్తి, ఏడుస్తూ ఇటు వచ్చింది. అడుగుల కింద పాతచెక్కలు కిర్రుమంటున్నాయి. ఒక్కొక్క కుర్చీ తన ముందు దిగుతుంటే కోడలు చూస్తూ ఉంది. ఇన్నేళ్లలో ఆమె గుడ్డలు పరిచి ఒప్పించినవాళ్లెందరో ఉన్నారు. ఇది మాత్రం వేరు. వీళ్లు కొనడానికి రావడం లేదు, మొయ్యడానికి వస్తున్నారు.

చివరికి చూస్తే అత్తగారి ముందు నాలుగైదు కుర్చీలు. కోడలి ముందు గదిలో మిగతాదంతా. తన మాటని తనే ఓడించింది.

కండక్టరమ్మ రూలు ప్రకారం తన చోటే ఉండిపోయింది. అంతా అయ్యాక వచ్చి కోడలి చేతిలోంచి ఈల తీసుకుంది. "మా అక్క," అంది. "ముమ్మారు పిలిచారట. లేవలేదు. మాకు తెలిసేసరికి..." మిగతాది చెప్పకుండా ఈల మెడలో వేసుకుంది. "కోడలా, నీ ముందు నేను ఈ జన్మకి తలెత్తలేను."

"అదేం మాట అక్కా!" అంది కోడలు.

గెలవని మాటలకి కూడా సంఘంలో ఒక పద్ధతి ఉంది. అవి సొంతదారు దగ్గరికి తిరిగిపోవు. మోసినవాళ్లతోనే ఇంటికి పోతాయి. అత్తగారు గుడ్డముక్కని మడిచి, జాకెట్టులో దోపుకుని, ముక్కాలిపీట అందుకుంది. కింద మర మళ్లీ మొదలైంది.

ఇంటిదారిలో ఇద్దరూ పక్కపక్కన నడిచారు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా అత్తయ్యా?"

"ఏముంది మాట్లాడ్డానికి? నన్ను ఓడగొట్టావుగా అందరిముందూ!" అంది అత్తగారు. కొంచెం దూరం పోయాక, "బాగా చెప్పావు," అంది. ఇంకొంచెం దూరం పోయాక, "మెల్లగా నడువు. ఎక్కడికా పరుగు?" అంది.

*

ఆ వారంలో ఒక రోజు, దుకాణంలో జనం మంచి రద్దీగా ఉన్న వేళ, అత్తగారు సంచీతో లోపలికి వచ్చింది. ఎన్నడూ ఆ గడప తొక్కని మనిషి. వచ్చి మెత్తటి బల్ల మీద దర్జాగా కూర్చుని, కోడల్ని ఎవరో తెలియనట్టు చూసింది.

"కర్టెను గుడ్డలు చూపించమ్మా."

కోడలు ఒక తాను తెచ్చి పరిచింది. అత్తగారు మెడ ఎత్తింది. వెంటనే "అబ్బా!" అని పట్టుకుంది. "మెడనొప్పమ్మా. పైకి చూడలేను. నువ్వలా తాటిచెట్టులా నిలబడితే నేనెలా మాట్లాడేది? కూర్చుని చూపించు."

"వాళ్లు కూర్చోకూడదండీ," అన్నాడు యజమాని గల్లాపెట్టె దగ్గర్నుంచి.

"వాళ్ల కోసం కాదు బాబూ, నా మెడ కోసం. ఇల్లంతటికీ కర్టెన్లు చూద్దామని వచ్చా. పోనీ పక్క దుకాణానికి పోనా?"

యజమాని అటూ ఇటూ చూశాడు. "కూర్చో, కూర్చో, ఒక్క నిమిషం. ఎక్కడ కూర్చుంటావ్? స్టూలు కూడా లేదే..."

"నా దగ్గరుందిగా," అని అత్తగారు సంచీలోంచి ముక్కాలిపీట తీసి కోడలి ముందు పెట్టింది.

కోడలు కూర్చుంది. ఆ దుకాణంలో మొదటిసారి. పిక్కల్లో బిగిసిన నెత్తురు మెల్లగా దిగుతుంటే కళ్లు వాటంతట అవే మూతపడబోయాయి. తెరిచి చూస్తే దుకాణమే కొత్తగా ఉంది. రోజూ భుజానికెత్తుకునే తానులు ఇప్పుడు గోడల మీద కప్పు దాకా రంగురంగులుగా లేచి ఉన్నాయి. ఇంత ఎత్తున్నాయా ఇవి? ఇంత అందంగా ఉంటాయా?

"ఇది బాగాలేదు, ఇంకోటి," అంటోంది అత్తగారు. "ఇదీ బాగాలేదు. తొందరేం లేదమ్మా, మెల్లగా చూపించు."

అంతలో బేకరీ ఆవిడ మెడ పట్టుకుని లోపలికి వచ్చింది. "దిండుగుడ్డలు కావాలమ్మా," అంది రెండో బల్ల దగ్గర నిలబడ్డ పిల్లతో. "కాస్త కూర్చుని చూపిస్తావా? రాత్రి మెడ పట్టేసింది." ఆవిడ చేతిలో రంగుడబ్బా ఉంది. ఆవిడ వెనకే కండక్టరమ్మ, మెడ ఒక పక్కకి వాల్చుకుని, మడతస్టూలుతో.

యజమాని కుర్చీలోంచి సగం లేచాడు. "ఏమిటిది, ఊళ్లో మెడజబ్బేమైనా వచ్చిందా?"

గుమ్మంలో సూదులక్క నిలబడి ఉంది. ఆవిడ చూపు తగలగానే యజమాని చెయ్యి తనకు తెలియకుండానే జబ్బ మీదికి పోయింది. చిన్నప్పుడు ఆవిడ చేతి సూది తిన్నవాడే మరి.

"సంఘానికేం సంబంధం లేదయ్యా," అంది సూదులక్క లోపలికి వస్తూ. "సంఘం ఆసుపత్రి పని మీద ఉంది. ఇది నా సొంత మెడ."

అత్తగారు ఏమీ కొనకుండానే లేచింది. పీట మాత్రం కోడలి కిందే ఉంది.

"మీ పీట మర్చిపోతున్నారు," అన్నాడు యజమాని నీరసంగా.

"మర్చిపోవడమేంటి?" అంది అత్తగారు సంచీ భుజాన వేసుకుంటూ. "రేపు మళ్లీ రావద్దూ? మెడనొప్పి ఒక్కరోజులో పోతుందా ఎక్కడైనా!"